ముండ్లమొక్కల పేర్లును తప్పుచీటీలును

ఇటీవల మన పట్టణములలో కాక్టసు మొక్కలను పెంచు వాడుక మిక్కిలి ప్రబలినది. ముండ్లచెట్టు పొలముగట్టుననే కాని ఇంటివాకిట నుండరాదని పట్టుబట్టిన పెద్దల మనుమలే నేడు కిటికీలలోను, వసారా మెట్లమీదను, మేడమీదను చిన్న చిన్న కుండీలు పేర్చుకొని మురియుచున్నారు. వానికి నీరు స్వల్పము, సేవ స్వల్పము. సెలవులకు ఇంటికి తాళమువేసి పదునైదు దినములు పొరుగూరికేగినను మొక్క అలుగదు. మన పాఠశాల విద్యార్థుల ఇండ్లలోను ఇట్టి కుండీలు ఇరువది ముప్పది గలవారు కొందఱున్నారు. ఈ యభిరుచి మంచిదే. నాకు విచారము కలిగించునవి ఆ కుండీలలో గుచ్చిన చీటీలు. చక్కని దస్తూరితో లాటిను పేర్లు వ్రాయబడియుండును. వానిలో అనేకములు తప్పు.

ఈ విషయమున నా యభిప్రాయమును దాచక చెప్పెదను. పేరు తెలియని మొక్కకు తోచిన పేరొకటి అంటగట్టిన విద్యార్థికంటె, "జాతి తెలియదు" అని వ్రాసి, తాను చూచినదానిని చూచినట్లు దాని క్రింద వ్రాసిన విద్యార్థికి ఎక్కువ మార్కులు రావలెను. ఇప్పుడు మనము చేయుచున్నది ఇందుకు విరుద్ధముగా నున్నది.

మొదట మన భాషలోని చిక్కునే చూతము. ముండ్లుండి, ఆకులు లేక, కండగల కాడలతో పెరుగు మొక్కనెల్ల మనవారు జెముడు అనిరి. నాగజెముడు, బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు - వినుటకు నలుగురు అన్నదమ్ములవలె నున్నవి. వాస్తవమున నాగజెముడొక్కటే కాక్టసు కుటుంబమునకు చేరినది. దాని పుట్టిల్లు అమెరికా ఖండము. తక్కిన మూడును యుఫోర్బియాలు. బొంతజెముడు అనాదిగా మన దేశపు గుట్టలమీద నున్నది; కాడజెముడు ఆఫ్రికానుండి వచ్చినది. ఎండకును నీటికరవునకును తాళుకొనుటకై వేఱువేఱు ఖండములలో వేఱువేఱు కుటుంబముల మొక్కలు ఒకే విధమైన రూపము దాల్చినవి. రూపమును చూచి బంధుత్వమును నిర్ణయింపరాదనుటకు ఇంతకంటె మంచి పాఠము వృక్షశాస్త్రమున నాకు కనబడలేదు.

ఈ భేదము పుస్తకములకు మాత్రమే సంబంధించినదని తలపవలదు. యుఫోర్బియాను గిల్లినచో తెల్లని పాలు కారును. ఆ పాలు కంటబడినచో తీవ్రమైన మంటయు వాపును కలిగి, కొన్ని దినములు చూపు మసకబారవచ్చును. వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునియొద్దకు పోవలెను. అంగళ్లలో మూడుకోణముల స్తంభమువలె నిలిచి, కాక్టసను పేరుతో అమ్మబడు మొక్కలలో అనేకములు ఈ జాతివే. పసిపిల్లలున్న ఇంట "ఇది కాక్టసు, ముల్లు తప్ప భయములేదు" అని చీటీ నమ్ముకొనుట ప్రమాదకరము. క్రీస్తు ముండ్లకిరీటపు మొక్కయని మన దేవాలయముల ప్రాంగణములలో ఎఱ్ఱని చిన్నపూవులతో పెంచునదియు యుఫోర్బియాయే. దాని జన్మస్థానము మడగాస్కరు దీవి.

రెంటిని వేఱుపఱచుటకు పాలను పరీక్షింప బనిలేదు. ముల్లు పుట్టుచోట చూడుడు. కాక్టసునందు ప్రతి ముండ్లగుత్తికి అడుగున దూది ఉండవలె చిన్న మెత్త యుండును. శాస్త్రజ్ఞులు దీనిని ఏరియోల్ అందురు. ముల్లును, పూవును, క్రొత్త పిల్లయు అందుండియే బయలుదేఱును. ఈ మెత్త కాక్టసు కుటుంబమున కంతకును గుర్తు, యుఫోర్బియాకు లేదు. యుఫోర్బియా ముండ్లు చాలవఱకు గట్టుమీద జంటజంటలుగా నుండును, అడుగున మెత్త యుండదు. పాలనే నమ్మినవాడు మోసపోవును. ఏలయన మామిల్లేరియా అను నిజమైన కాక్టసులలోను కొన్నిటికి పాలు కలవు.

ముండ్లు లేనంతమాత్రమున కాక్టసు కాకపోదు. మన తెలుగు ఇండ్లలో బ్రహ్మకమలమని పెంచుకొను మొక్క ఇందుకు సాక్షి. అది విచ్చుకొను రాత్రి ఇరుగుపొరుగువారినెల్ల పిలిచి, దీపము వెలిగించి, ఛాయాచిత్రములు తీయించుకొనుట చూచుచునేయున్నాము. ఆ మొక్క పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. అది మెక్సికో, మధ్య అమెరికా అడవులలో చెట్లకొమ్మలమీద పెరుగు కాక్టసు. మనము ఆకులనుకొనునవి చదునైన కాడలు. వాని అంచుల నొక్కులలో చూడుడు, మొగ్గ పుట్టుచోటనే ఏరియోల్ దాగియున్నది. అసలు బ్రహ్మకమలము హిమాలయములలోని మిక్కిలి ఎత్తైన చోట్ల పూచు సాసూరియా ఆబ్‌వల్లాటా. అది ఉత్తరాఖండ రాష్ట్రపుష్పము. ప్రొద్దుతిరుగుడు కుటుంబమునకు చేరినది. ఒకే పేరు మోయు ఈ రెంటికి ఏ సంబంధమును లేదు. ఇంటిలో బ్రహ్మకమలమని పిలుచుకొనుటకు నాకాక్షేపణ లేదు, పిలుపుపేరు పిలుపుపేరే. కాని పాఠశాల ప్రదర్శనమున హిమాలయ పుష్పమని చీటీ పెట్టుట తగదు.

క్రిస్టమసు కాక్టసు సంగతియు ఇట్టిదే. ఆ పేరుతో అమ్ముడుపోవు కుండీలలో ఎక్కువభాగము ష్లుంబర్‌గేరా ట్రంకేటా. దాని కాడతునుకల అంచులు పీతకాలివలె మొనదేలిన పండ్లతో నుండును, పుప్పొడి పసుపుపచ్చన. నిజముగా క్రిస్టమసు కాక్టసు అనదగినది ఆ ట్రంకేటాకును రసెల్లియానాకును 19వ శతాబ్ది మధ్యకాలమున ఇంగ్లండులో పుట్టిన సంకరము. దాని అంచులు గుండ్రని వంపులతో నుండును, పూవు క్రిందికి వ్రేలును, పుప్పొడి తిత్తులు ఊదావన్నె. ఈ మొక్కలకు రాత్రి దీర్ఘమగుటయే పూయుటకు సంజ్ఞ. పండుగ తేదీ వానికి తెలియదు.

ఇంతవఱకు చెప్పినవి తేలికవి. చిక్కంతయు ముందున్నది. పది కుండీలలో నాలుగైదింట చిన్న బంతులవలె బుడిపెలతో నుండు మామిల్లేరియాలే యుండును. ఈ ఒక్క ప్రజాతిలోనే నూటికి మించిన జాతులు కలవు. (ప్రజాతి యనగా దగ్గఱి బంధువుల గుంపు, జాతి యనగా అందులోని ఒక్కొక్క విధము.) వీనిని వేఱుపఱచుటకు నడిమి ముండ్లెన్ని, చుట్టుముండ్లెన్ని, నడిమి ముల్లు కొస కొక్కెమువలె వంగినదా, గిల్లిన రసము నీరా పాలా, బుడిపెల సందున ఉన్ని యున్నదా, బుడిపెలు కుడికి తిరిగిన వరుసలెన్ని, ఎడమకు తిరిగిన వరుసలెన్ని అని లెక్కింపవలెను. ఈ వరుసలను లెక్కించిన బాలురకు 8, 13 లేక 13, 21 అను సంఖ్యల జంటలు తరచుగా దొరకును. లెక్కల ఉపాధ్యాయులు ఇందుకు మిక్కిలి సంతోషింతురు. ఇంత చేసినను మొక్క లేతదైనచో ఫలితము సందేహమే. లేతమొక్క ముండ్లు వేఱు, ముదిరిన మొక్క ముండ్లు వేఱు. ఎండ చాలక కిటికీవైపు సన్నగా సాగిన మొక్క తన తల్లినే పోలియుండదు.

దీనికితోడు మనుష్యులు చేసిన చిక్కులు కలవు. ఎఱ్ఱనితలయు పచ్చనికాడయు గల మొక్కను చూచి, ఇదేమి జాతియని విద్యార్థులు తరచుగా అడుగుదురు. అది ఒక మొక్క కాదు, రెండు. తల జిమ్నోకాలిసియమ్ మిహనోవిచీ యందు పత్రహరితము లేక పుట్టిన వికారపు మొలక. ఇట్టివి 1941లో జపానుదేశమున వటనబే అనువాని నారుమడిలో మొదట బయటపడెను. తనకు తాను ఆహారము వండుకొనజాలదు కావున దానిని పచ్చని కాక్టసుమీద అంటుకట్టుదురు. క్రిందికాడ తరచుగా డ్రాగన్‌ఫ్రూటు తీగ. కావున ఆ కుండీకి న్యాయముగా రెండు పేర్లు వ్రాయవలెను. మఱికొన్ని కుండీలలో బంతిమీద ఎన్నినాళ్లయినను వాడని పూవొకటి యుండును. అది గడ్డిపూవు, జిగురుతో అంటించినది. దానిని చూచి జాతిని నిర్ణయింపబూనినవారి శ్రమను ఏమనవలెను!

పెరటిలో మనిషికి మించి పెరుగు నీలిపచ్చని స్తంభపు కాక్టసునకు సాధారణముగా సెరియస్ పెరూవియానస్ అని చీటీ పెట్టుదురు. పేరులో పెరూ ఉన్నది. మొక్క పెరూదేశమునది కాదు. తోటలలో ఈ పేరుతో నున్నవి కొన్ని బ్రెజిల్, ఉరుగ్వే, అర్జెంటైనా ప్రాంతముల హిల్డ్‌మానియానస్; కొన్ని వెనిజులా తీరప్రాంతపు రెపాండస్; మఱికొన్ని సంకరములు. పూవు లేనిది పండితులే తడబడుదురు.

చేతిలోని ఫోనుతో చిత్రము తీసి పేరడుగవచ్చును గదా యని పిల్లలందురు. అడుగవచ్చును, ప్రజాతివఱకు అది పెక్కుమార్లు సరిగానే చెప్పును. కాని అది చిత్రమునందు కనబడినదానినే చూడగలదు. వెనుకవైపు ముండ్లను లెక్కింపలేదు, రసమును చూడలేదు, పూవు విప్పి కీలాగ్రపు రంగును గమనింపలేదు. అది నేర్చిన చిత్రములకు ఇట్టి తప్పుచీటీలే యుండినచో అది మన తప్పును మనకే తిరిగి అప్పగించును. దానిని సలహాదారుగా నుంచుకొనుడు, న్యాయాధిపతిగా చేయకుడు.

ఓపికయే నిజమైన సాధనము. పూవువఱకు వేచియుండవలెను. మామిల్లేరియా శిరస్సుచుట్టు చిన్నపూవుల కిరీటమును ధరించును. రెబూషియా నడుము క్రిందినుండి పూచును. జిమ్నోకాలిసియమ్ మొగ్గమీద పొలుసులే కాని వెండ్రుకలు ముండ్లు ఉండవు. ఆ పేరునకు గ్రీకుభాషలో నగ్నమైన పుష్పకోశమని యర్థము. ఎకినాప్సిస్ పూవు పొడవైన గొట్టము, దానిమీద వెండ్రుకలు. పసుపుపచ్చని పూవు నడుమ ఎఱ్ఱని కీలాగ్రము కనబడినచో పరోడియాను అనుమానింపవచ్చును. ఒక్క పూవు ఒక్క ఉదయమున, పది ఛాయాచిత్రములు చెప్పలేనిది చెప్పును. ఆ పూవుకై రెండేండ్లు, ఐదేండ్లు పట్టవచ్చును. పట్టనిండు.

పండితులే పేర్లు మార్చుచుండగా మనము పట్టుదలగా నుండనేల యని కొందఱు పెద్దలు పరిహాసమాడుదురు. లిన్నేయసు 1753లో తానెఱిగిన 22 జాతులను కాక్టస్ అను ఒక్క ప్రజాతిలో చేర్చెను. నేడు ఆ కుటుంబమున సుమారు 1,500 మొదలు 1,800 వఱకు జాతులు లెక్కింపబడుచున్నవి. బ్రిటన్, రోజ్ అను అమెరికా పండితులు 1919 మొదలు 1923 వఱకు నాలుగు సంపుటములలో ఈ కుటుంబమును వర్ణించి అనేక ప్రజాతులను కల్పించిరి. బొలీవియా అక్షరములను తారుమారుచేసి లోబీవియా అనియు, లీమా నగరపు పేరును త్రిప్పి మీలా అనియు పేరిడిన చమత్కారులు వారే. ఆ లోబీవియాను తరువాతివారు ఎకినాప్సిసులో కలిపిరి. మరల కొందఱు విడదీసిరి. 1886లో ఎకినోకాక్టస్ గ్రుసోనీయని వర్ణింపబడిన బంగారు బంతికాక్టసు 2014లో క్రోన్‌లైనియా ప్రజాతికి మార్చబడెను. ఇదంతయు నిజమే. కాని ఆ మార్పులకు కారణములు అచ్చువేయబడియున్నవి, ఎవరైనను వాదింపవచ్చును. కుండీలోని తోచినపేరునకు కారణమేది? వాదించుటకు అక్కడ ఏమియు లేదు. పాతపేరు తప్పుపేరు కాదు. పాతపేరు పట్టుకొని నేటిపేరునకు చేరవచ్చును. తప్పుపేరు పట్టుకొని ఎక్కడికి చేరుదుము?

పేరు తప్పినంతమాత్రమున కొంప మునుగునా యని అడుగువారికి ఈ దేశపు కథయే యొకటి చెప్పెదను. మెక్సికోలో నాగజెముడుమీద పెరుగు కొచినీల్ అను పురుగునుండి శ్రేష్ఠమైన ఎఱ్ఱరంగు తీయుచుండిరి. ఆ వర్తకము స్పెయినువారి చేతిలో నుండెను. ఈస్టిండియా కంపెనీవారికి ఆ పురుగును ఇక్కడ పెంచవలెనని ఆశ. మద్రాసునందు కంపెనీ వైద్యాధికారియగు జేమ్సు ఆండర్సన్ సైదాపేటలో ఇందుకై నాగజెముడు తోటయే వేయించెను. 1795లో నీల్సన్ అను కప్తాను బ్రెజిలు దేశమునుండి ఒక పురుగును కలకత్తాకు తెచ్చెను. అసలు కొచినీలే వచ్చినదని అందఱు సంతసించిరి. అది డాక్టిలోపియస్ సిలోనికస్ అను వేఱుజాతి. దాని రంగు నాసి, అదృష్టమంతయు ఆవిరియైపోయెను. కాని అది ఓపన్షియా మోనకాంథా యను నాగజెముడును విచ్చలవిడిగా తిని దేశములో అనేకచోట్ల నిర్మూలించెను. దానినిచూచి 1836 మొదలు 1838 వఱకు దక్షిణదేశమునకును, 1863 ప్రాంతమున సింహళమునకును కొనిపోయిరి. కలుపుమొక్కను అణచుటకు బుద్ధిపూర్వకముగా పురుగును ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పంపుట అదియే మొదలందురు.

ఐతే మన పొలములగట్లను క్రమ్ముకొనిన నాగజెముడు మోనకాంథా ఒక్కటేనా? పసుపు ముండ్లును పసుపు పూవులును గల డిల్లెనీయై కలదు. గోధుమవన్నె ముండ్లును నారింజ కలసిన ఎఱ్ఱని పూవులును గల ఎలాటియర్ కలదు. బాటసారికి మూడును నాగజెముడే. పురుగు మాత్రము మోసపోలేదు. సిలోనికస్ వీనిని ముట్టలేదు. వీనికై 1926లో డాక్టిలోపియస్ ఓపన్షియే అను మఱియొక జాతిని సింహళమునుండి తేవలసివచ్చెను. అది వచ్చిన కొలదికాలమునకే ఆ పొదలు ఎండి కూలినవి. పురుగులు రెండును తెల్లని దూదిపింజలవలె ఒక్కరీతినే కనబడును! నేడు ముండ్లులేని నాగజెముడును పశువుల మేతకై పెంచు ప్రయత్నములు మన దేశమున జరుగుచున్నవి. మొరాకోదేశమున అట్టి తోటలను 2014 నుండి పాడుచేసినది ఈ ఓపన్షియే పురుగే. దూదిపింజ కనబడినప్పుడు అది ఏ జాతిదో, క్రిందనున్న మొక్క ఏ జాతిదో తోచినట్లు చెప్పువాని మాటమీద రైతు నిలువగలడా?

ఇక మన పాఠశాల మాట. ప్రయోగపరీక్షలో నమూనాను బల్లమీద నుంచి పేరు వ్రాయుమందుము. తోచినది వ్రాసినవానికి తగిలినచో మార్కు, తగులకున్నను నష్టములేదు. "తెలియదు" అని వ్రాసినవానికి సున్న. పది సంవత్సరములు ఈ పద్ధతిలో పెరిగిన బాలుడు తెలియదనుట సిగ్గుపాటుగా నెంచక ఏమిచేయును? ఈ బాలురలో నొకడు రేపు మందుల అంగడిలో సీసాలు అందించును. ఒకతె ఆసుపత్రిలో దాదిగా నిలుచును. అక్కడ తోచినది చెప్పుట ఎంత పని చేయునో తలిదండ్రులు ఆలోచింతురుగాక.

ఇట్లయినచో సోమరులు అన్ని చీటీలమీదను "తెలియదు" అని వ్రాసి తప్పించుకొందురని నాతోడి యుపాధ్యాయులు కొందఱు శంకించుచున్నారు. శంక సమంజసమే. కావుననే ఉత్త "తెలియదు"నకు నేను మార్కు లీయుమనను. చీటీమీద మొదట నిశ్చయముగా తెలిసినంతవఱకు వ్రాయవలెను: కాక్టసు కుటుంబమని తెలిసిన నంతయే, ప్రజాతి తెలిసిన దానిని కూడ. పిమ్మట ఎక్కడ, ఎప్పుడు, ఎవరియొద్ద దొరకినది. అమ్మినవారు చెప్పిన పేరేమి. ముండ్ల లెక్క ఎంత. పూచినచో నెల, రంగు, పగలో రేయో. దొరకిన చోటును తేదీని వ్రాయుట అన్నిటికంటె ముఖ్యము. ముండ్లను రేపైనను లెక్కింపవచ్చును. మొక్క వచ్చినచోటు ఒకసారి మఱచినచో ఏ పండితుడును దానిని మొక్కనుండి చదువలేడు. అడవిలో దొరకినచోటునుబట్టియే వేఱుపఱుపదగిన జాతులు కొన్ని కలవు. అట్టివి చీటీ పోయిన కుండీలో ఎన్నటికి పేరులేనివిగానే మిగిలిపోవును. మిగిలిపోవుట తప్పుకాదు. ఎకినాప్సిసులు ఒకదానితోనొకటి సులభముగా కలియును. మన ఇండ్లలోని వానిలో చాలవఱకు సంకరములే యైయుండును, వానికి పుస్తకములో పేరు వెదకుటయే వ్యర్థము.

రాబోవు ప్రదర్శనమున కాక్టసు కుండీలకు పూర్తి పేర్లు వ్రాసినవారికే బహుమతి యను నియమమును తీసివేయవలెనని నిర్వాహకులను కోరుచున్నాను. ఒక్కొక్క కుండీప్రక్క విద్యార్థిని నిలిపి, "ఈ పేరు నీకెట్లు తెలిసినది?" అని యొక్క ప్రశ్న యడిగిన చాలును.

చీటీని గూర్చి మఱియొక మాట. సిరాతో వ్రాసినది మన యెండకు ఒక్క వేసవిలో వెలిసిపోవును. మందపు ప్లాస్టిక్కు ముక్కమీద మెత్తని పెన్సిలుతో వ్రాసినది చాలకాలము నిలుచును. ఒక చీటీ పైన గ్రుచ్చి, అదే వ్రాతతో రెండవదానిని కుండీలోపల మట్టిలో పాతిపెట్టుడు. పిల్లి కుండీని దొర్లించినను, చెల్లెలు పైచీటీని ఆటకు కొనిపోయినను లోపలిది యుండును.